వంటింటి గోడలో మంగతాయారు చెయ్యి

రేవుపాలెంలో ఇల్లు బేరానికి పెడితే, ఆ ఇంట్లో ఇంకా ఎవరి వాటా అయినా మిగిలి ఉన్న పక్షంలో వాళ్ళ చెయ్యి గోడలోంచి బయటికి వస్తుంది. మణికట్టు దాకా వస్తే మామూలు సంగతి. మోచెయ్యి దాకా వస్తే కోర్టులో కేసు నడుస్తున్నట్టు. భుజం కూడా కనిపిస్తే ఆ ఇంటి జోలికి వెళ్ళకపోవడమే మంచిదని పురపాలక సంఘం వాళ్ళు నోటీసు బోర్డు మీద రాయించారు. అక్షరాలు వానకి కాస్త చెరిగాయి గానీ చదువుకోవచ్చు. ఆ చెయ్యి గల మనుషులు వేరే ఊళ్ళలో తమ రెండు చేతులతో తమ పనులు తాము చేసుకుంటూనే ఉంటారు. ఇది అదనపు చెయ్యి. దీనికి ఇంటిపన్ను లేదు.

మిగతా ఊళ్ళలో కూడా ఇంతేనంటారు. కాకపోతే అక్కడ గోడలు మందం, బయటికి రావడానికి ఆలస్యమవుతుంది. రేవుపాలెంలో పాత సున్నపు గోడలు కావడం వల్ల బేరం మాట అనగానే వచ్చేస్తాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆషాఢంలో తమ చేతులతో పాటు వాటికీ గోరింటాకు పెడతారు. అమ్మేవాళ్ళు మాత్రం బీరువా అడ్డం పెడతారు, లేదా సిమెంటు పూయించేస్తారు. పూసిన చోట చెమ్మ దిగుతుంది. బయటి ఊళ్ళవాళ్ళు దాన్ని చూసి పైపు లీకవుతోందనుకుని, బేరం కాస్త తగ్గించమని అడిగి, తగ్గించారని మురిసిపోయి కొనేసుకుంటారు. ఆ తరవాత వాళ్ళు పడేది వాళ్ళు పడతారు.

హైమావతికి ఈ సంగతులన్నీ తెలిసే ఇల్లు చూడటానికి వెళ్ళింది. ఆవిడ చదివింది ఎనిమిదో తరగతే గానీ, జరగబోయే చెడు గురించి ఆవిడకి తెలియనిది లేదు. కూతురు ఇందుమతికి రేవుపాలెం పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం. సూది వెయ్యబోతే గేదె తంతుందేమోనని తల్లి సాయంత్రం దాకా భయపడేది. కూతురు క్షేమంగా ఇంటికొచ్చాక మర్నాటి గేదె గురించి మొదలుపెట్టేది.

వాళ్ళున్న అద్దె ఇంటి ఓనరు తన కొడుకు పెళ్ళి పేరు చెప్పి దసరాకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. భర్త పోయాక హైమావతి కొంతకాలం తమ్ముడి ఇంట్లో ఉంది, తరవాత అన్నీ అద్దె ఇళ్ళే. "ఎప్పుడు ఖాళీ చేస్తారండీ" అనే మాటని ఆవిడ మెత్తగా అనేవాళ్ళ దగ్గరా విన్నది, తలుపు తడుతూ అనేవాళ్ళ దగ్గరా విన్నది. ఇక కూతురి చెవిన ఆ మాట పడకూడదు. ఆవిడకి అంతకు మించి కోరికల్లేవు.

బుల్లబ్బాయి ఇల్లు కాలవగట్టు వీధిలో ఉంది. రెండు గదులు, అరుగు, వెనకాల బావి. గాలీ వెలుతురూ బాగున్నాయి. బావిలో ఎవరైనా పడతారేమోనని హైమావతి ముందు దాని గోడ ఎత్తు చూసుకుంది. తరవాత వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి గట్టు పక్కన గోడలోంచి మణికట్టు దాకా ఒక ఆడమనిషి కుడిచెయ్యి వచ్చి ఉంది. రెండు ఆకుపచ్చ గాజులున్నాయి. దానికో కూరల సంచి తగిలించి ఉంది.

"ఇదేంటండీ?" అంది హైమావతి.

"ఏదండీ? అదా? మేకండి," అన్నాడు బుల్లబ్బాయి.

"మేకుకి గాజులున్నాయండి."

"పాత మేకండీ, ఆయ్. మా అమ్మగారి కాలం నాటిది. ఇప్పుడలాంటివి రావట్లేదు."

ఈలోగా మేకు సంచిని కిందికి జారవిడిచి, గట్టు మీద తడుముకుంటూ ఉప్పు డబ్బా మూత బిగించింది. బుల్లబ్బాయి కిటికీలోంచి కాలవ చూడసాగాడు. ఇందుమతి మాత్రం గేదె కాలు పరీక్షించినట్టు ఆ చేతిని రెండు వైపులా తిప్పి చూసింది.

"నాడి బాగుందమ్మా," అంది.

హైమావతి కూడా భయపడుతూనే ముట్టుకుంది. వెచ్చగా ఉంది. తన చెయ్యే చల్లగా ఉంది. ఆవిడ కుడి అరచెయ్యి కొన్నేళ్ళుగా అంతే, ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. డాక్టరు బలానికి మాత్రలు రాశాడు. వాటితో ఆకలి పెరిగింది.

ఇందుమతికి ఇల్లు నచ్చింది. ఫోన్లోనే పనులు చక్కబెట్టే ఒక కాకినాడ లాయరుని ఆమె స్నేహితురాలెవరో చెప్పింది. ఆయన పేరు సుధాంశు. కాగితాలూ చేతి ఫొటోనూ ఆయనకి పంపారు. వాళ్ళు రెండోసారి ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు ఆయన మర్యాదగా ఫోను చేశాడు.

"అంతా క్లియరు మేడమ్. అది అమ్మేవారి అక్కగారి వాటా. ఆవిడ ఎప్పుడో హక్కు వదులుకుంటూ సంతకం పెట్టేశారు. కాగితం ప్రకారం అక్కడ చెయ్యి లేదు."

"ఉందండి బాబూ, ఇప్పుడే నా కొంగు పట్టుకుంది," అంది హైమావతి.

"పట్టుకోవచ్చు మేడమ్. కానీ లేదు. సిమెంటు పూయించేయండి."

ఇందుమతి పూయించేద్దామంది. హైమావతి ఆ రోజు అన్నం తినలేదు. ఊపిరాడక ఆ చెయ్యి లోపలినుంచి గోడని తడుతుందేమో. తట్టీ తట్టీ గోడ బీటలు ఇస్తుందేమో. బీట మీద వాన పడి, కప్పు కూలి, తను కూరలకి వెళ్ళిన సమయానికి పిల్ల దాని కింద ఉంటుందేమో. ఇంతా చేసి లాయరు కాకినాడలో ఉంటాడు.

"ఊళ్ళో లాయరుని చూద్దామే," అంది.

"ఊళ్ళో లాయర్లకి ఫోన్లు ఎత్తడం కూడా రాదమ్మా."

"ఎత్తకపోతే ఇంటికెళ్ళి తలుపు కొడతాం. కాకినాడ తలుపు ఎవరు కొడతారు?"

అలా వెతకడం మొదలైంది. హైమావతి పాలావిణ్ణి అడిగింది, పూలమ్మే ఆవిణ్ణి అడిగింది, ఇడ్లీల బండి దగ్గర నిలబడి వచ్చేపోయే వాళ్ళని అడిగింది. ప్రతి లాయరులోనూ ఆవిడకి ఒక ప్రమాదం కనిపించింది. ఒకాయన బాగా లావు, రిజిస్ట్రేషను లోపు ఏమైనా అయితే? ఒకతను మరీ కుర్రాడు, మంచి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే? ఒకాయన కొత్త కారు కొన్నాడు, ఎలా కొన్నాడు? ఇంకొకాయన పాత స్కూటరు మీదే తిరుగుతాడు, ఎందుకు కొనలేకపోయాడు?

రేవుపాలెంలో ఇలాంటి సందేహాలు తీర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. లాయరుని బేరంలో ఉన్న ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చాక, గోడలోని చేత్తో చెయ్యి కలపమంటారు. చెయ్యి ఒప్పుకుంటే ఆయనకి పని అప్పగిస్తారు. బార్ అసోసియేషన్ వాళ్ళు ఒకసారి దీన్ని అభ్యంతరపెట్టారు గానీ, వాళ్ళ కార్యాలయం కొనేటప్పుడు వాళ్ళూ ఇలాగే చేశారు.

ముందు కొత్త కారు లాయరు వచ్చాడు. గోడలోని చెయ్యి పిడికిలి బిగించుకుంది. ఆయన కాఫీ బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు. తరవాత అచ్యుతరామయ్య అనే పెద్దాయన వచ్చాడు. చెయ్యి ఆయన వేళ్ళు తడిమి తడిమి గుర్తుపట్టి, గట్టిగా గిల్లింది. ఆ హక్కు విడుదల కాగితం రాసింది ఆయనే. ఊరివాడైతే చాలదని హైమావతికి అప్పుడు తెలిసింది.

మూడో రోజు పాత స్కూటరు లాయరు వచ్చాడు. మండా గవర్రాజు. ఆయన తన చెయ్యి చాచకముందే గోడ చెయ్యి గాలిలో తడుముకుని, ఆయన చెవి పట్టుకుని మెలిపెట్టింది. గవర్రాజు తల వంచి, నొప్పికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ నవ్వాడు.

"మంగతాయారు అక్కయ్య చెయ్యండీ. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఈ చెయ్యే నాకన్నం పెట్టింది. ఎక్కాలు రాకపోతే చెవి కూడా ఇదే మెలిపెట్టింది. ఏడో ఎక్కం ఇప్పటికీ రాదనుకోండి, అది దానికి తెలిసినట్టుంది."

ఇందుమతికి ఆయన నచ్చాడు. హైమావతికి నచ్చినందుకే భయం వేసింది. మనసులో ఉంచుకోలేక అనేసింది.

"మీకు అమ్మేవాళ్ళు తెలుసు, వాళ్ళ అక్క తెలుసు, రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా కూడా తెలుసుంటాడు. తెలిసినవాళ్ళందరూ ఒకటైపోతే మా గతేంటండీ?"

"నిజమేనండి. ఆ భయం ఉండాలి," అన్నాడు గవర్రాజు. "నాక్కూడా ఒక భయం ఉందండి. నేనేదైనా తేడా చేస్తే సాయంత్రం కూరల బజార్లో మీకు ఎదురుపడాలి. మీరు ఊరుకునే మనిషిలా లేరు. కాకినాడాయనకి ఆ బాధ లేదు కదండీ."

తన భయానికి ఎదురుగా ఇంకొకరి భయం ఉండటం హైమావతికి కాస్త ధైర్యాన్నిచ్చింది. పని ఆయనకే అప్పగించింది.

గవర్రాజు కాగితాలన్నీ చదివి పక్కన పెట్టాడు. సంతకం అసలైనదే. కానీ సంతకంతో చెయ్యి వెనక్కి పోదు. ఇష్టమేనా అని మనిషిని అడగాలి, ఆ మనిషి నోటితో జవాబు చెప్పాలి. రిజిస్ట్రేషను చట్టంలో ఇది లేదు, గోడలకి మాత్రం ఇది వర్తిస్తుంది.

"అప్పుడు అడగలేదంటారా?" అంది ఇందుమతి.

"అడగరండి. ఆడపిల్లల్ని అడగరు. చీర పెడతారు."

మరుసటి ఆదివారం గవర్రాజు, తల్లీకూతుళ్ళు, బుల్లబ్బాయి కలిసి రేవులో పంటు ఎక్కి అవతలి లంకకి వెళ్ళారు. నది మధ్యలో పంటు ఇంజను ఆగిపోతే ఏం చెయ్యాలో హైమావతి అందరికీ వివరంగా చెప్పింది. ఇంజను ఆగలేదు.

మంగతాయారు డాబా మీద వడియాలు పెడుతోంది. అరవై దాటిన మనిషి, గట్టిగా ఉంది. ఆకుపచ్చ గాజులే వేసుకుంది. వాళ్ళని చూసి చెయ్యి కడుక్కోకుండానే, "ఒరేయ్ గవర్రాజూ, చిక్కిపోయావేంట్రా? బుల్లీ, నువ్వు బలిశావు," అంది.

అందరూ నీడలో చాప మీద కూర్చున్నారు. గవర్రాజు విషయం చెప్పాడు. తన చెయ్యి ఒకటి పుట్టింటి గోడలో ఉందంటే మంగతాయారు ఆశ్చర్యపోలేదు.

"అదా సంగతి. పొద్దున లేచీ లేవగానే వేళ్ళకి ఉప్పు తగులుతోంది. ఏంటో అనుకున్నాను," అంది. తరవాత ఇందుమతి వైపు తిరిగింది. "ఏం చేస్తోందమ్మా అది? కుదురుగా ఉంటోందా?"

"కిటికీ తీస్తోంది అత్తయ్యగారూ. పాలు పొంగబోతే పొయ్యి కట్టేస్తోంది."

మంగతాయారు పకపకా నవ్వింది. "మా అమ్మకి పాలు చూసే ఓపికుండేది కాదు. నేనే చూసేదాన్ని."

"అక్కా, నువ్వు సంతకం పెట్టావు కదే," అన్నాడు బుల్లబ్బాయి.

"పెట్టాను. మా పెద్దాడి బారసాల మర్నాడు. పళ్ళెంలో చీర, జాకెట్టు ముక్క, దాని కింద కాగితం. ఇక్కడ పెట్టక్కా అని వేలితో చూపించావు. పిల్లాడు ఏడుస్తున్నాడు, పెట్టేసి లోపలికెళ్ళాను. చీర మంచిదేరా, ఇంకా ఉంది."

గవర్రాజు చాప మీద సర్దుకుని కూర్చున్నాడు. "అక్కయ్యా, ఆ ఇంట్లో నీ వాటా వదులుకోవడం నీకిష్టమేనా?"

డాబా మీద కాకి వడియం ఒకటి ఎత్తుకుపోయినా ఎవరూ అదిలించలేదు. హైమావతి తన కొంగు మెలిపెట్టుకుంటోంది. ఈవిడ ఇష్టమే అనాలి. అనకపోతే ఇల్లు లేదు. ఇల్లు లేకపోతే దసరాకి సామాను వీధిలో, వీధిలో వాన.

"ఇష్టం లేదు," అంది మంగతాయారు. విస్తట్లో రెండోసారి కూర వద్దన్నంత తేలిగ్గా అంది.

"అక్కా! అదేంటే!"

"అడిగారు కదరా. చెప్పాను. ఇన్నేళ్ళకి అడిగారు, అబద్ధం ఎందుకు చెప్పను?"

హైమావతి కళ్ళు తుడుచుకుంది. గవర్రాజు మాత్రం హాయిగా జేబులోంచి పెన్ను తీశాడు. "ఇప్పుడు పని మొదలుపెట్టొచ్చండి," అన్నాడు.

అమ్మిన దాంట్లో సగం అక్కది, సగం తమ్ముడిది. బుల్లబ్బాయి ముందు గొడవపడ్డాడు, తరవాత బామాలాడు, తరవాత వాళ్ళమ్మని తలుచుకుని ఏడ్చాడు. ఏడుపు సగంలో మంగతాయారు లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చింది. అది తాగి, సరేనన్నాడు. అప్పుడు గవర్రాజు ఇంకో ప్రశ్న అడిగాడు. ఇల్లు ఈ అమ్మాయికి అమ్మడం ఇష్టమేనా? మంగతాయారు ఇందుమతిని పైనుంచి కిందికి చూసి, ఇష్టమేనంది. అదే సమయానికి రేవుపాలెంలో చెయ్యి పిడికిలి విప్పి, వేళ్ళు విరుచుకున్నట్టు పక్కింటావిడ కిటికీలోంచి చూసి తరవాత చెప్పింది.

జవాబు చెప్పాక చెయ్యి వెనక్కి పోవాలి. ఇది పోలేదు. అమ్మేవారి చెయ్యి ఒకటి ఇంకా గోడలోనే ఉందని రిజిస్ట్రేషను రోజున గుమాస్తా అభ్యంతరం తెలిపాడు. మంచంలో ఉన్న రోగుల దగ్గరికి వెళ్ళి వేలిముద్ర తీసుకునే పద్ధతి ఒకటి ఉంది కాబట్టి, దాని కిందే మెషీను పట్టుకుని ఇంటికొచ్చాడు. గోడ చేతి ముద్రా, మంగతాయారు ముద్రా సరిపోయాయి. ఆధార్ కార్డు చూపించమని చేతిని అడిగాడు. అది అతని చొక్కాకి ఊడిపోతున్న గుండీ చూపించింది.

మంగతాయారు ఆ చేతిలో తన చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. "ఇది రాదండి," అంది చివరికి. "పిల్ల ఉద్యోగానికెళ్తుంది, ఈవిడ చూస్తే ఊరికే హడిలిపోతోంది. ఇంట్లో ఒకరు నిదానంగా ఉండాలి కదా అంటోంది."

గవర్రాజు అక్కడే గట్టు మీద కాగితం పెట్టుకుని షెడ్యూలులో రాశాడు. రెండు గదులు, అరుగు, తలుపులు, కిటికీలు, బావి, వంటింటి తూర్పు గోడలో విక్రయదారు మంగతాయారు గారి కుడిచెయ్యి మణికట్టు వరకు, వారి ఇష్టప్రకారం, వారికి ఇష్టమైనంత కాలం. సబ్ రిజిస్ట్రారు చదివి, వరకు అన్న మాట కింద గీత గీసి, సంతకం పెట్టాడు.

తల్లీకూతుళ్ళు దసరాకి ముందే పాలు పొంగించి ఇంట్లో దిగారు. హైమావతి భయాలు పోలేదు గానీ దిక్కు మార్చుకున్నాయి. గోడలోని చేతికి జలుబు చేస్తుందేమోనని చలికాలానికి ఊలు తొడుగు అల్లసాగింది. చెయ్యి కాస్త వేడిగా తగిలితే లంకకి ఫోను చేసి, "వదినగారూ, ఒంట్లో బాగుందా?" అని అడిగేది. మరీ హడావిడి పడితే చెయ్యి ఆవిడ భుజం మీద రెండు దెబ్బలు వేసేది. కూరల బజార్లో గవర్రాజు ఎదురుపడితే దూరం నుంచే దండం పెట్టేవాడు. ఎందుకైనా మంచిదని ఆవిడ ఆయన్ని కాస్త అనుమానంగానే చూసేది.

పండగ వెళ్ళిన వారానికి హైమావతి తమ్ముడు ఫోను చేశాడు. భర్త పోయాక ఆవిడ కొంతకాలం ఉన్న ఇల్లు అతనిది. అంతకు ముందు అది వాళ్ళ నాన్నది.

"అక్కా, ఇల్లు బేరానికి పెట్టాం. నువ్వు అప్పుడే సంతకం పెట్టేశావు గనక ఇబ్బందేం లేదులే. ఊరికే చెబుదామని."

"మంచిది నాయనా."

"వంటింటి గోడకి మాత్రం ఎక్కణ్ణించో ఒక మేకు వచ్చింది. కొనేవాళ్ళు చూస్తే బాగోదు. సిమెంటు పూసేస్తే సరిపోతుందని లాయరుగారు ఫోన్లో చెప్పారు. మేస్త్రీ వచ్చాడు."

హైమావతి తన కుడి అరచేతిని చూసుకుంది. ఎన్నో ఏళ్ళ తరవాత అది వెచ్చగా ఉంది.

"ఏం చేస్తోందిరా ఆ మేకు?"

తమ్ముడు వంటింట్లోకి తొంగిచూసి చెప్పాడు. "గ్యాసు కట్టేశామో లేదో చూస్తోందక్కా. కట్టేసినా మళ్ళీ చూస్తోంది."

ఇందుమతి పక్కనే నిలబడి వింటోంది. ఫోను తనకిమ్మని సైగ చేసింది. అక్కడ కూడా ఊరి లాయరు ఒకరు ఉంటారని, గవర్రాజుగారిని అడిగితే పేరు చెబుతారని గుసగుసగా అంది. హైమావతి ఫోను ఇవ్వలేదు.

"మేస్త్రీ ఎక్కిన నిచ్చెన ఎవరినైనా గట్టిగా పట్టుకోమను నాయనా," అంది. "పడితే నడుం విరుగుతుంది."

ఫోను పెట్టేశాక కూతురు అడిగింది. "ఎందుకమ్మా ఊరుకున్నావు? నీకిష్టమేనా?"

"వాడు అడగలేదు కదే," అంది హైమావతి, ఇంకేం చెప్పాలన్నట్టు. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి తోటకూర ముందేసుకుని కూర్చుంది.

సగం ఆకు వలిచేసరికి ఆవిడ కుడిచేతి వేళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. గోళ్ళ సందుల్లో తడి సిమెంటు చేరింది. వేళ్ళు ముడుచుకోవడం కష్టమైంది. పిల్ల చూస్తే కంగారు పడుతుందని కొంగులో దాచుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. గోడలోంచి మంగతాయారు చెయ్యి ఆ కొంగు తడిమి, లోపలి చేతిని బయటికి లాగి, నీళ్ళ కింద పెట్టింది. గట్టు మీది చీపురుపుల్ల అందుకుని ఒక్కో గోరూ శుభ్రం చెయ్యడం మొదలుపెట్టింది.

"పాలు చూసుకోండి వదినగారూ, పొంగుతాయి," అంది హైమావతి.

చెయ్యి వదల్లేదు. సిమెంటు గట్టిపడే లోపు తియ్యాల్సింది చాలా ఉంది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. గృహప్రవేశం తరవాత ఆ ఇంట్లో పాలు పొంగడం అదే మొదటిసారి.